కుర్చీకి వీపు పెట్టిన టీచరు

అదే కదా నేననేది, తప్పంతా ఆ కుర్చీదే! మొన్న సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మీ బస్సు వచ్చేసింది, మీరు ఎక్కేశారు, నా కథ మాత్రం స్టాపులోనే నిలబడిపోయింది. ఇవాళ నింపాదిగా కూర్చోండి. మళ్ళీ మొదట్నించీ చెప్తాను, మధ్యలో లేవనివ్వను.

కుర్చీ అంటే ఏ సింహాసనమో అనుకునేరు. మా స్కూల్లో ఏడో తరగతి గదిలో, ఆఖరి బెంచీ వెనకాల, కిటికీ పక్క మూలన పడేసిన ఇనప కుర్చీ. ఒక కాలు పొట్టి. కూర్చున్నవాళ్ళు కాస్త కదిలితే చాలు, 'టక్' మంటుంది. ఆ టక్కు వినపడితే పిచ్చుక టీచరుకి పై ప్రాణాలు పైనే పోయేవి.

పిచ్చుక అని పిల్లలే పెట్టారు. పేరంటే అదీ! మనిషి పిడికెడు, గొంతు చిటికెడు. బస్సు డ్రైవరు గారి రెండో కూతురు. పగలంతా మందుల షాపులో అక్క పక్కన కౌంటరులో నిలబడి, సాయంత్రాలు చదువుకుని, టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. ట్రైనింగులో పాఠం ఎలా చెప్పాలో రాయమంటే పేజీలకి పేజీలు నింపేసేది, మార్కులకి లోటే లేదు. ఈత గురించి చదవడం వేరు, నీళ్ళలో దూకడం వేరు కదండీ. ఈవిడ గట్టు మీద నిలబడి బాగా ఈదేది.

ఉద్యోగమైతే వచ్చింది, కానీ గట్టిది కాదు. కొత్తగా చేరినవాళ్ళని మొదటి ఏడాది చూస్తారు. ఏడాది చివర ఒక ఆఫీసరు గారు వచ్చి క్లాసులో కూర్చుని పాఠం వింటారు. ఆయన బాగుందంటే ఉంటావు, లేదంటే సంచీ సర్దుకుంటావు. కొత్తవాళ్ళు బెంబేలెత్తిపోకుండా ఉండాలని ప్రతి ఒక్కళ్ళకీ ఒక పాత టీచరుని జత చేస్తారు. కాగితాల్లో దానికేదో పెద్ద పేరుంది, మా స్టాఫురూములో మాత్రం 'తోడు' అనేవాళ్ళం.

చేరిన రోజే స్టాఫురూములో కప్పులు తగిలించే కొక్కేల దగ్గర నిలబడింది పిచ్చుక. ఒక్క కప్పే ఖాళీగా ఉంది, పసుపు రంగుది, అంచు కాస్త పగిలింది.

"ఇది ఎవరిదండీ?" అంది.

"నీదే తీసుకో. పోయినేడు కొత్తగా వచ్చినావిడది."

"ఆవిడ ఇప్పుడు ఏ స్కూల్లో ఉన్నారు?"

ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. డ్రిల్లు మాస్టారు ఒక్కడూ గొంతు సవరించుకుని, "టీ చల్లారిపోతుందమ్మా, తాగు" అన్నాడు.

అంతే! టీ గొంతు దిగితే ఒట్టు. ఆ రోజు నించీ ఆ పసుపు కప్పు చూస్తే ఆవిడకి సంచీ సర్దుకోవడమే గుర్తొచ్చేది.

మొదటి క్లాసు సంగతి చెప్పనా, వద్దా? చెప్పేస్తాను. గదిలోకి వెళ్ళింది, పిల్లలు లేచారు, "గుడ్ మార్నింగ్ టీచర్" అని అరిచారు, కూర్చోమనాలి కదా. ఆ ఒక్క మాటా నోట్లోంచి రాలేదు. పిల్లలు నిలబడే ఉన్నారు. ఈవిడా నిలబడే ఉంది. ఎవరు ముందు కూర్చుంటారా అని పందెం వేసుకున్నట్టు! చివరికి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "కాళ్ళు నొప్పెడుతున్నాయి టీచర్, ఇంతకీ మేం ఏం తప్పు చేశాం?" అంది. ఆ అమ్మాయి పేరు రేడియో. మేం పెట్టిందే. స్విచ్చి ఎక్కడుందో మాకెవరికీ ఇంతవరకూ దొరకలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి అక్కతో, "రేపట్నించీ షాపుకే వస్తానే" అంది పిచ్చుక.

"రా, నీ బల్ల మీద ఇప్పుడు దగ్గు మందు సీసాలు పెట్టాం. వాటి మధ్య నిలబడు, నీకూ వాటికీ తేడా తెలీదు, రెండూ మూత పెట్టే ఉంటాయి" అంది అక్క. తర్వాత దగ్గరికి లాక్కుని, "పిల్లలే, రాక్షసులు కారు. ఇంకో రోజు చూడు" అంది.

పిచ్చుకకి తోడుగా ఇచ్చింది లెక్కల పెద్ద టీచరుని. ఆవిడ అడుగులు వరండాలో వినపడితే గోల చేసే పిల్లలు గోడ మీద బల్లుల్లా అతుక్కుపోయేవాళ్ళు. అంత పేరు. మనసు మాత్రం వెన్న. ఆవిడ ఇనప కుర్చీలో కూర్చుని రెండు పాఠాలు చూసింది, తర్వాత పిచ్చుకని పిలిచింది.

"అమ్మాయ్, క్లాసయ్యాక నీకు తప్పులు చెప్తే ఏం లాభం? కూర మాడాక ఉప్పు గురించి మాట్లాడినట్టుంటుంది. పొయ్యి మీద ఉన్నప్పుడే చెప్పాలి."

"క్లాసులో ఎలా చెప్తారు మేడమ్? పిల్లలు వింటారు కదా?"

"నోటితో ఎవరు చెప్తారే! చూసుకో. నేను కళ్ళజోడు తీశాననుకో, నువ్వు పరిగెడుతున్నావు, నెమ్మదించు. చెవి పట్టుకుంటే నీ గొంతు నా దాకా రావట్లేదు, పెంచు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే నువ్వే వాగుతున్నావు, పిల్లల్ని ఒక ప్రశ్న అడుగు. రుమాలు తీశానా, ఇంక నోరు మూసుకుని వాళ్ళ చేత రాయించు. నాలుగే. గుర్తుంటాయా?"

గుర్తుండకపోవడమేమిటి! మునిగిపోతున్నవాడికి తాడు దొరికితే ముడులు లెక్కపెడతాడా? పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. కళ్ళు కుర్చీ మీద పెట్టి, కళ్ళజోడుకి నెమ్మదించి, చెవికి గొంతు పెంచి, రుమాలుకి ఆపి, నెలలు గడిచేసరికి పాఠాలు గాడిలో పడ్డాయి. పెద్ద టీచరు మురిసిపోయింది. హెడ్మాస్టారు వరండాలో ఆగి విని, "పిచ్చుక కూస్తోందే!" అన్నాడు. ఆయనకీ పేరు తెలిసిపోయింది, చూడండి.

భయం పోయిందనుకుంటున్నారా? ఊహూ. గది మారింది, అంతే. ఇదివరకు పిల్లల దగ్గరుండేది, ఇప్పుడు పెద్ద టీచరు చేతుల్లోకి వెళ్ళి కూర్చుంది. ఆవిడ చెయ్యి కదిలితే పిచ్చుక గుండె కదిలేది. ఆవిడ రాని రోజుల్లో ఖాళీ కుర్చీని చూస్తూ, ఇప్పుడు ఆవిడుంటే ఏం తీసేదో అని ఊహించుకుంటూ పాఠం నెట్టుకొచ్చేది. ముందున్న బెంచీల్లో ఎవరెవరు కూర్చుంటారో కూడా సరిగ్గా తెలీదంటే నమ్మండి. చూస్తే కదా తెలిసేది!

పిల్లలకి మాత్రం అన్నీ తెలుసు. టీచరు కళ్ళు ఎటు పోతున్నాయో చూసి వాళ్ళూ మెడలు తిప్పారు. నాలుగు గుర్తులూ పాఠం కన్నా ముందు వచ్చేశాయి వాళ్ళకి. ఒకరోజు పెద్ద టీచరు సెలవు. పిచ్చుక బోర్డు దగ్గర నుంచుని చెప్తోంది. వెనక బెంచీలో రేడియో చల్లగా చెయ్యెత్తి తన చెవి పట్టుకుంది.

పిచ్చుక గొంతు పెరిగింది.

తనకే తెలీకుండా, దానంతటదే పెరిగిపోయింది. రేడియో పక్కనమ్మాయి లేని కళ్ళజోడు తీసినట్టు ముక్కు మీద నించి వేళ్ళు లాగింది. మాట నెమ్మదించింది! క్లాసు క్లాసంతా బల్లల కింద తలలు దూర్చి నవ్వు ఆపుకోలేక చచ్చారు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. చేతిలో సుద్దముక్క విరిగింది.

ఇంటికెళ్ళి అక్కకి చెప్తే అక్క ముందు పడీ పడీ నవ్వింది, చెల్లెలు నవ్వకపోయేసరికి ఆగింది.

"నీ తోడు టీచరుకి చెప్పు, వద్దని."

"ఎలా చెప్పనే? ఆవిడ అంత కష్టపడి నేర్పింది. పైగా ఆ గుర్తులు తీసేస్తే నా దగ్గర ఏం మిగిలింది? ఆఫీసరు గారు వచ్చేది వచ్చే వారమే."

"ఆయనొచ్చినప్పుడు మీ పెద్ద టీచరు ఉంటుందా గదిలో?"

ఆ సంగతి పిచ్చుక ఇంతవరకూ ఆలోచించనే లేదు!

మర్నాడు భయం భయంగా అడిగింది. పెద్ద టీచరు, "తోడు ఉండకూడదు తల్లీ, అది రూలు. నేను స్టాఫురూములో ఉంటాను. నీకేం, బ్రహ్మాండంగా చెప్తున్నావు" అని వీపు తట్టింది. ఆ తట్టుడుకి పిచ్చుక ఊగింది.

ఆ వారమంతా అన్నం కంచంలోనే మిగిలిపోయేది. బస్సులో కళ్ళు మూసుకుంటే ఇనప కుర్చీ, తెరిస్తే పసుపు కప్పు. వాళ్ళ నాన్న, "ఏమ్మా, మా టికెట్ల తనిఖీవాళ్ళు వస్తే నేనెప్పుడైనా భయపడ్డానా?" అన్నాడు. "నువ్వు టికెట్లు కొట్టవుగా నాన్నా, బండి నడుపుతావు" అంది అక్క. ఇల్లంతా నవ్వింది, పిచ్చుక తప్ప.

ఆ రోజు వచ్చేసింది. పాఠం భిన్నాల కూడిక. అరకి పావు కలపడం. ఆఫీసరు గారు తెల్లటి జుట్టు, చేతిలో ఫైలు, ఎర్రటి ముక్కు. గదిలో ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటే కదా, వెళ్ళి దాన్లోనే కూర్చున్నారు. టక్!

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇవాళ మనం భిన్నాలు..." అని మొదలెట్టింది పిచ్చుక, కళ్ళు అలవాటు కొద్దీ కుర్చీ మీదికి వెళ్ళాయి. ఆఫీసరు గారికి జలుబు. జేబులోంచి రుమాలు తీశారు.

"నోట్సులు తియ్యండి, రాయండి!" అనేసింది.

"ఏం రాయాలి టీచర్?" అంది ముందు బెంచీ. నిజమే, బోర్డు మీద ఇంకా ఏమీ లేదు.

రుమాలు జేబులోకి వెళ్ళింది. మళ్ళీ మొదలెట్టింది. ఆయన కళ్ళజోడు మసకబారింది కాబోలు, తీసి తుడుచుకోసాగారు. పిచ్చుక మాట నత్త నడకకి దిగిపోయింది. "అ...ర...కి... పా...వు..." ఇది ఆయనకి జలుబు, నాకు గుర్తు కాదు అని బుర్రకి తెలుస్తూనే ఉంది. నోటికి తెలిస్తే కదా! జలుబుకి చెవి దిబ్బడ వేసినట్టుంది, ఆయన చెవి పట్టుకుని లాగారు. "కలిపితే!" అని ఒక్క కేక పెట్టింది. ముందు బెంచీ పిల్లాడు ఎగిరిపడ్డాడు, స్కేలు కింద పడింది. ఆయన విస్తుపోయి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు.

"ప్రశ్న! ప్రశ్న ఏమిటంటే... అర్థమైందా?"

"ఏది టీచర్?" అన్నారు అందరూ.

కిటికీలోంచి చూస్తున్న హెడ్మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. నుదురు దేనికి గుర్తో అని కూడా ఒక్క క్షణం ఆలోచించిందండీ ఆ పిచ్చితల్లి!

పాఠం బోర్డు మీద లేదు, తన బుర్రలో లేదు, ఎక్కడికి పోయిందో తెలీదు. ఆ ఖంగారులోనే బోర్డు మీద ఒకటి బై రెండు, ఒకటి బై నాలుగు రాసి మధ్యలో కూడిక గుర్తు పెట్టింది. రేడియో చెయ్యెత్తింది.

"నాకొచ్చు టీచర్. పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ నాలుగూ ఆరు. రెండు బై ఆరు!"

తప్పు. ఇప్పుడేం చెయ్యాలి? పిచ్చుక కుర్చీ వైపు చూసింది. ఆఫీసరు గారు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. రుమాలు జేబులో ఉంది. చెయ్యి కలం మీద ఉంది. ఏ గుర్తూ లేదు.

అన్నిటికన్నా అదీ భయం! తప్పు గుర్తుకైనా ఊగిసలాడుతూ ఇంతవరకూ నిలబడింది, ఇప్పుడు ఏమీ లేదు. గదిలో ఎవరూ తనకి ఏం చెయ్యాలో చెప్పట్లేదు. నిండా మనుషులున్న గదిలో ఒంటరిగా పడిపోయింది. ఇంకెటూ చూడ్డానికి లేక, రేడియో మొహం చూసింది.

రేడియో ఆట పట్టించట్లేదు. ఆ పిల్ల కళ్ళల్లో 'కరెక్టేగా?' అన్న ఆశ. నిజంగా నమ్ముతోంది. పక్కనున్న ఇద్దరూ తలలూపుతున్నారు, వాళ్ళూ నమ్ముతున్నారు. ముందు బెంచీలో స్కేలు పడేసుకున్నవాడు నోట్సులో రెండు బై ఆరు రాసేసి గీత కూడా కొట్టేశాడు. అన్ని నెలల్లో మొదటిసారి ఆ మొహాలు కనపడ్డాయి ఆవిడకి. అమ్మో, వీళ్ళకెవరికీ రాలేదే అనుకుంది. ఇది ఇంకో రకం భయం. మొదటి భయం తన గురించి, ఇది వాళ్ళ గురించి.

కదిలింది. బెంచీల మధ్యలోంచి నడిచి రేడియో దగ్గరికి వెళ్ళింది. అక్కడ నిలబడాలంటే కుర్చీకి వీపు పెట్టాలి. ఆఫీసరుకి వీపు చూపించకూడదని ట్రైనింగులో మొదటి రోజే చెప్తారు. పెట్టేసింది.

"ఒక కాగితం తియ్యి" అంది. గొంతు వణుకుతోంది, కానీ అది తన గొంతే. "ఇది రొట్టె అనుకో. నీ దగ్గర సగం ఉంది. మడత పెట్టు. ఇప్పుడు నేను నీకు ఇంకో పావు పెట్టాను. నీ వాటా పెరిగిందా, తగ్గిందా?"

"పెరిగింది టీచర్."

"నువ్వు చెప్పింది రెండు బై ఆరు. ఇంకో కాగితం ఆరు ముక్కలుగా మడత పెట్టు. అందులో రెండు చూపించు. మొదట్లో ఉన్న సగం పక్కన పెట్టు."

రేడియో పెట్టింది. చూసింది. ఆ రెండు ముక్కలూ సగం కన్నా పొట్టిగా ఉన్నాయి. నోరు తెరిచింది.

"అదేంటి టీచర్! మీరు నాకు పెట్టారా, నా దగ్గర లాక్కున్నారా?"

క్లాసు ఘొల్లుమంది. వెనక, టక్!

ఆఫీసరు గారు కుర్చీలోంచి లేచారు. ఫైలు మూసి వెళ్ళిపోతున్నారు, అయిపోయింది, పసుపు కప్పు కొక్కేనికి తిరిగి వెళ్ళిపోతుంది అనుకుంది పిచ్చుక. మెడ తిప్పాలని ప్రతి నరమూ లాగింది. ఒక్కసారి చూస్తే చాలు, ఏదో ఒక గుర్తు దొరుకుతుంది. చూస్తే మాత్రం రేడియో మొహం మళ్ళీ చెయ్యి జారిపోతుంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది, మెడ మాత్రం తిప్పలేదు. "ఎక్కడ తప్పాం?" అని అడిగింది పిల్లల్ని.

స్కేలు పిల్లాడు లేచాడు. "ముక్కలు ఒక్క సైజు కాదు టీచర్. పెద్ద ముక్కా చిన్న ముక్కా కలిపి లెక్కపెట్టేశాం."

"మరి ఒక్క సైజు చెయ్యాలంటే?"

"సగాన్ని మళ్ళీ మడవాలి! రెండు పావులు! మూడు టీచర్, మూడు బై నాలుగు!" రేడియో బెంచీ ఎక్కేసింది.

గంట కొట్టారు. పిచ్చుక తల తిప్పింది. ఆఫీసరు గారు వెళ్ళిపోలేదు. పక్క బెంచీ దగ్గర వంగి ఒక పిల్ల మడిచిన కాగితం చూస్తున్నారు.

తర్వాత హెడ్మాస్టారి గదిలో అసలు పరీక్ష. పెద్ద టీచరు కూడా వచ్చి నిలబడింది. ఆఫీసరు గారు ఫైలు తెరిచారు.

"పాఠం సగం వరకూ మీరు నా మొహం తప్ప ఏమీ చూడలేదు. నేను కదిలితే అరిచారు, కదిలితే ఆగారు. మిగిలిన సగం నాకు వీపు పెట్టారు. రెండిట్లో ఏదీ నాకు అర్థం కాలేదమ్మా. చెప్తారా?"

ఖంగారు పడ్డాను సార్ అంటే సరిపోయేది. నిజం చెప్తే పెద్ద టీచరు కూడా ఇరుక్కుంటుంది.

"గుర్తులు నావి సార్" అంది పెద్ద టీచరు. నాలుగూ చెప్పేసింది, చెయ్యి ఎత్తి చూపిస్తూ మరీ.

ఆఫీసరు గారు వింటూ వింటూ తుమ్మొచ్చి రుమాలు తీశారు. చెప్పబోతున్న పిచ్చుక టక్కున నోరు మూసుకుంది. ఆయన రుమాలు వైపు చూసుకున్నారు, ఆవిడ వైపు చూశారు. హెడ్మాస్టారికి దగ్గు పట్టుకుంది, అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

నవ్వు అయ్యాక ఆయన మొహం మళ్ళీ గట్టిపడింది. "ఉంచమని రాయలేను. మొదటి సగం చూసి ఎవరూ రాయలేరు. పంపేయమనీ రాయలేను, రెండో సగం చూశాక. ఆరు నెలలు గడువు రాస్తాను. మళ్ళీ వస్తాను. ఆ లోపల గుర్తులు వద్దు."

వరండాలోకి వచ్చారు ఇద్దరూ. పెద్ద టీచరు కళ్ళు తడిగా ఉన్నాయి. "నిన్ను నేనే ముంచాను కదే" అంది. పిచ్చుక కాదనబోయి, అసలు అడగాలనుకున్నది అడిగేసింది.

"మేడమ్, నేను ఒక్కసారి మీ క్లాసులో కూర్చోనా?"

ఏడాదంతా ఆవిడ ఈ అమ్మాయి పాఠాలు చూసింది, ఈ అమ్మాయి ఆవిడ పాఠం ఒక్కటీ చూడలేదు. అడగడానికి ఈవిడకి ధైర్యం లేదు, పిలవాలని ఆవిడకి తోచలేదు. అడగ్గానే పెద్ద టీచరు మొహం పాలిపోయింది.

"నా క్లాసులో ఏముందిలే..." అంది. మర్నాడు పరీక్ష పెడుతున్నానంది. ఆ తర్వాత గొంతు బాగాలేదంది. సాకులన్నీ అయిపోయాక, "రా మరి" అంది, కోర్టుకి పిలిచినట్టు.

ఆ గదిలోకీ అదే ఇనప కుర్చీ మోయించారు. పిచ్చుక కూర్చుంది. టక్! బోర్డు దగ్గర పెద్ద టీచరు భుజాలు ఉలిక్కిపడ్డాయి. సుద్దముక్క పట్టుకున్న ఆ చెయ్యి, అంత సర్వీసున్న ఆ చెయ్యి వణుకుతోంది! వణుకుతూ రాసింది, కూడికలో అంకె తప్పు రాసింది, వెనక్కి తిరిగేసరికి తప్పు కనపడింది. ఒక్క క్షణం కుర్చీ వైపు చూసింది, ఇప్పుడేం చెయ్యనూ అన్నట్టు. అచ్చం పిచ్చుక చూసే చూపే.

పిచ్చుక తన రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది. ముక్కు దురద పెట్టింది, గోక్కోలేదు.

పెద్ద టీచరు కుర్చీ మీంచి చూపు తిప్పి పిల్లల్ని చూసింది. "ఒరేయ్, నేనో తప్పు రాశాను. ముందు పట్టుకున్నవాళ్ళు గొప్పవాళ్ళు" అంది. చేతులు లేచాయి. వణుకు తగ్గలేదు. పాఠం మాత్రం నడిచింది.

గంట కొట్టాక ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయారు.

"మీకూ భయమా మేడమ్?"

"మరి? నేను చేరినప్పుడు వచ్చిన ఆఫీసరు తర్వాత నా క్లాసులో పెద్దవాళ్ళెవరూ కూర్చోలేదే. ఆ టక్కు వినగానే అంకెలే మర్చిపోయాననుకో."

"ఇన్నేళ్ళయినా పోదా?"

"పోతే చెప్తాలే, స్వీట్లు పంచుతాను" అంది పెద్ద టీచరు.

అప్పట్నించీ ఒకరి క్లాసులో ఒకరు కూర్చున్నారు. కుర్చీలో కాదు, పిల్లల పక్కన బెంచీ మీద, బోర్డు చూడకుండా పిల్లల మొహాలు చూస్తూ. ఎవరు ఎక్కడ దారి తప్పారో తర్వాత టీ తాగుతూ చెప్పుకునేవాళ్ళు. ఆరు నెలలకి ఆఫీసరు గారు మళ్ళీ వచ్చారు. పిచ్చుకకి ఆ రోజూ భయమే. కానీ రేడియో ఎక్కడ తప్పుతుందో ముందే తెలుసు ఆవిడకి. ఉంచారు. పసుపు కప్పు అంచు ఇంకా పగిలే ఉంది, ఇంకా దాన్లోనే తాగుతుంది. మార్చమంటే, "పోయినావిడ ఎవరో, ఆవిడకి తోడెవరో" అంటుంది, ఇంకేం అనదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్పానంటే, నిన్న సాయంత్రం పిచ్చుక నాకు ఫోను చేసింది. సోమవారం ఒక కొత్తమ్మాయి చేరుతోందట, ఈవిడే తోడట. మళ్ళీ పాత గొంతు, చిటికెడు. "హెడ్మాస్టారు కుర్చీ దులిపించి పెట్టారండీ. నేను దాన్లో కూర్చుని చేతులు ఏం చేసుకోను? నేను కదిలితే ఆ పిల్ల ఏమైపోతుందో! పాడు చేసేస్తానేమో ఆ పిల్లని" అంది. పక్కింటివాళ్ళు తలుపు కొట్టడంతో నేను సరిగ్గా జవాబే చెప్పలేదు. రాత్రంతా అదే తొలుస్తోంది నన్ను.

మీ బస్సు ఇంకా రాలేదుగా? ఉండండి, ఫోను తీస్తాను. ఒక్క మాటే చెప్తాను పిచ్చుకకి. సోమవారం నువ్వు కుర్చీలో కూర్చోకు తల్లీ, ఆ పిల్లని కూర్చోబెట్టు. ముందు నువ్వు బోర్డు దగ్గర నిలబడి, నీ చెయ్యి వణకడం దాన్ని చూడనివ్వు.